ధవళేశ్వరంలో కాటన్ దొర సమాధి లేదండీ

రెండు రోజులుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్. బ్రిటిష్ ఇంజనీరు కాటన్ దొరని ఆయన చివరి కోరిక ప్రకారం ధవళేశ్వరం చర్చి పక్కనే పూడ్చారట, గోదావరి మీద ఆనకట్ట కట్టినందుకు తెల్లవాళ్లే ఆయన్ని ఉరి తీయబోయారట, ఆయన చేత్తో కట్టిన బ్యారేజీ మీదే మనం నేటికీ తిరుగుతున్నామట. కింద నాచు పట్టిన ఓ సిలువ రాయి ఫొటో, రెండు దణ్ణాలు. మా మావయ్య "ఆదివారం పూలు పట్టుకెళ్దాంరా" అని ఫోన్ కూడా చేసేశాడు.

ముందు సమాధి సంగతి. కాటన్ 1860లో రిటైరయ్యాడు. 1899 జులైలో, 96 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌లోని డార్కింగ్‌లో పోయాడు. సమాధి కూడా ఆ ఊరి శ్మశానంలోనే ఉంది. ధవళేశ్వరంలో ఉన్నవి మ్యూజియం, విగ్రహం.

ఉరి మాట ఒట్టిదే. ఉరి తీయాలనుకున్న మనిషికి 1861లో సర్ బిరుదు ఎవరిస్తారండీ? ఖర్చు దండగన్న పై అధికారులతో గొడవలు పడ్డ మాట నిజం, 1878లో బ్రిటన్ పార్లమెంటులోని కామన్స్ సభ కమిటీ ముందు కాలువల గురించి సమాధానాలు చెప్పుకున్నదీ నిజం. అది విచారణ, ఉరికంబం కాదు.

ఇక బ్యారేజీ. ఈ తికమక పేరు వల్ల వచ్చింది. 1847లో మొదలై 1852కి పూర్తయిన కాటన్ ఆనకట్ట పొట్టి రాతి గోడ, వరదొస్తే నీళ్లు దాని మీంచే దూకేవి. ఇప్పుడు మనం బండేసుకుని వెళ్లేది 175 గేట్లతో 1982లో పూర్తయిన కొత్తది, దానికి ఆయన పేరు పెట్టారంతే.

"ఆయన చేత్తో" అన్న మాట దగ్గరే నాకు మండింది. పని మధ్యలో, 1848లో, కాటన్ ఆరోగ్యం పాడై ఆస్ట్రేలియా వెళ్తే కెప్టెన్ ఓర్ నడిపించాడు. కూలీల్ని కూడగట్టి పని చేయించిన వీణెం వీరన్న మనవాడే, ఆయన పేరు మెసేజ్‌లో ఎక్కడుంది? ధవళేశ్వరం కొండ రాయి కొట్టి, బొంబాయి-ఠాణా తొలి రైలుకంటే ముందే వేసిన పట్టాల మీద ఏటి దాకా తోలిన కూలీల ఊసూ లేదు.

గోదావరిలో స్నానం చేసేటప్పుడు కొందరు పురోహితులు కాటన్‌ని భగీరథుడంటూ చదివే శ్లోకం మాత్రం నిజమే, దాని జోలికి నేను పోను.

ఇదంతా చెప్తే మావయ్య కాసేపాగి, "మరి పూలు?" అన్నాడు. మే 15 ఆయన పుట్టినరోజు మావయ్యా, ఆ రోజు విగ్రహానికి వేద్దాంలే అన్నాను.