ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో శిక్ష తప్పుకా, వీడియోకా?

2016 ఏప్రిల్ 28 రాత్రి షికాగోలో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కళాశాల ఆటగాళ్లను రౌండ్ల వారీగా వంతులేసుకుని ఎంచుకునే డ్రాఫ్ట్ మొదలవడానికి కొద్ది నిమిషాల ముందు లారెమీ టన్సిల్ ట్విటర్ ఖాతాలో ఒక వీడియో ప్రత్యక్షమైంది. ఎవరో ఆ ఖాతాలోకి చొరబడి, అతను గ్యాస్ మాస్క్ తగిలించుకుని గంజాయి పీలుస్తున్న పాత దృశ్యాన్ని అక్కడ పెట్టారు. ఆ ఏడాది కళాశాల ఆటగాళ్లలో మేటి లైన్‌మన్‌గా (ముందు వరుసలో ప్రత్యర్థులను అడ్డుకునే ఆటగాడిగా) పేరున్న టన్సిల్‌ను తొలి ఎంపికల్లోనే ఎవరో ఒకరు తీసుకుంటారని అందరూ అనుకున్నారు. చివరికి మయామీ డాల్ఫిన్స్ అతణ్ని పదమూడో స్థానంలో తీసుకుంది. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 కార్మిక ఒప్పందం తరువాత కొత్త ఆటగాడి తొలి కాంట్రాక్టు విలువ దాదాపుగా ఎంపిక స్థానాన్ని బట్టే ఖరారవుతోంది కనుక, ఆ వీడియో వల్ల అతనికి లక్షల డాలర్ల నష్టం జరిగింది. తరువాత అతను లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్ గౌరవానికి పలుమార్లు ఎంపికయ్యాడు. గంజాయి పరీక్షలో దొరికినంత మాత్రాన ఆటగాణ్ని సస్పెండ్ చేసే పద్ధతికి 2020 ఒప్పందంతో లీగే స్వస్తి పలికింది.

యువకుల గతాన్ని జట్లు చూడకూడదని నేను అనను. కోట్ల రూపాయలు పెట్టే యాజమాన్యం ఆరా తీస్తుంది, తీయాలి కూడా. అయితే తనకు తాను చేసుకున్న హాని, ఇతరులకు చేసిన హాని, ఇంకా రుజువు కాని అనుమానం అనే మూడు వేర్వేరు విషయాలను ‘క్యారెక్టర్’ అనే ఒకే గంపలో వేసి, ఏది ఎంత రచ్చకెక్కిందన్నదాన్ని బట్టి బేరం తగ్గించడం అన్యాయం.

ఓక్లహోమా విశ్వవిద్యాలయ ఆటగాడు జో మిక్సన్ ఉదంతంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 2014 జులైలో ఓక్లహోమా రాష్ట్రం నార్మన్ పట్టణంలో, పద్దెనిమిదేళ్ల వయసులో, అతను ఒక యువతిని ముఖం మీద బలంగా కొట్టి గాయపరిచాడు. విశ్వవిద్యాలయం ఆ సీజన్ మొత్తానికి అతణ్ని పక్కన పెట్టి, మరుసటి ఏడాది మళ్లీ ఆడనిచ్చింది. 2016 డిసెంబరులో దాని వీడియో బహిరంగం కాగానే దేశమంతా అట్టుడికింది. నేరం 2014లోనే జరిగింది, ఆ యువతికి తగిలిన గాయమూ అప్పటిదే. రెండున్నరేళ్ల తరువాత కొత్తగా చేరింది దృశ్యం ఒక్కటే. 2017 డ్రాఫ్ట్‌లో సిన్సినాటి బెంగాల్స్ అతణ్ని 48వ స్థానంలో తీసుకుంది. అతని స్థానం దిగజారితే గాయపడిన మనిషికి ఒరిగేది ఏమీ లేదు. ప్రతిభావంతుడైన ఆటగాడు జట్టుకు చవకగా దొరుకుతాడు, అంతే.

ఈ తూకం జట్లకైనా పనికొచ్చిందా అంటే అదీ చెప్పలేం. ఆరన్ హెర్నాండెజ్ అనే ఆటగాడు కళాశాలలో మత్తు పరీక్షలో విఫలమయ్యాడన్న సంగతి 2010లో అందరికీ తెలుసు, అందుకే అతను నాలుగో రౌండు దాకా జారాడు. ఆ తరువాత 2013లో జరిగిన హత్య కేసులో దోషిగా తేలాడు. గంజాయిని లెక్కపెట్టిన కళ్లకు అతనిలోని హింస ఎంత ప్రమాదకరమో అందలేదు.

అన్నిటికన్నా నన్ను బాధించేది లాయెల్ కాలిన్స్ అనే ఆటగాడి విషయం. 2015 డ్రాఫ్ట్‌కు కొద్ది రోజుల ముందు, లూసియానాలో జరిగిన ఒక హత్య గురించి పోలీసులు అతనితో మాట్లాడాలనుకున్నారు. అనుమానితుడు కాదని వాళ్లే చెప్పారు. అయినా మొదటి రౌండు ఆటగాడిగా అంచనాలున్న అతణ్ని మొత్తం 256 ఎంపికల్లో ఒక్క జట్టూ తీసుకోలేదు. తరువాత డ్రాఫ్ట్‌తో సంబంధం లేకుండా డాలస్ కౌబాయ్స్‌తో చాలా తక్కువ మొత్తానికి ఒప్పందం చేసుకున్నాడు.

గృహహింస, లైంగిక దాడి వంటి నేరాల్లో శిక్ష పడినవారిని కంబైన్‌కు, అంటే డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ల సత్తాను జట్లు పరీక్షించే శిబిరానికి, పిలవకూడదని లీగ్ 2016లో నియమం పెట్టింది. కానీ అది పరీక్షల మైదానం దగ్గరే ఆగిపోతుంది, ఎంపిక మాత్రం జట్ల ఇష్టమే. లీగ్ చేయాల్సింది వేరే ఉంది. జట్లతో సంబంధం లేని ఒక సంఘం హింస ఆరోపణలను డ్రాఫ్ట్‌కు ముందే విచారించాలి, గాయపడినవారి మాట వినాలి, ఘటన తరువాత ఆ యువకుడు ఏం చేశాడో చూసి అతను అర్హుడో కాదో తేల్చాలి. గడువులోగా తేలకపోతే అతణ్ని ఆ ఏటి అనుబంధ డ్రాఫ్ట్‌కు (అసలు డ్రాఫ్ట్ తరువాత విడిగా జరిపే చిన్న డ్రాఫ్ట్‌కు) మార్చాలి. దర్యాప్తు ముగిసేదాకా కాలిన్స్‌ను డ్రాఫ్ట్ నుంచి తప్పించి అనుబంధ డ్రాఫ్ట్‌కు పంపమని అతని తరఫువారు 2015లో కోరింది ఇదే. లీగ్ కాదంది.