సంతకం పెడితే పుట్టిల్లు మిగులుతుందా?

మా వైపు సంబంధం కుదిరిందనగానే ముందు అడిగేది ఎంతిచ్చారు అనే. ఎకరాల్లో చెబుతారు, కాసుల్లో చెబుతారు, కారైతే కంపెనీ పేరుతో సహా చెబుతారు. అందులో అమ్మాయి చేతిలో ఉండేదెంత అని అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ల మీద జరిగే దౌర్జన్యం గురించి మాట్లాడమంటే నేనైతే ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను. తాగుడు, అనుమానం, అత్తగారి నోరు, ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నావన్న గొడవ, ఇవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ రాత్రి దెబ్బలు తిన్న మనిషి తెల్లారేక ఎక్కడికి వెళ్లగలదన్నది కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ కాగితాలు టైపు కొట్టే పని నాది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురు వరసలో డాక్యుమెంట్ రైటర్ల షాపులుంటాయి కదా, అందులో ఒకదాంట్లో పనిచేస్తాను. కోనసీమలో ఓ ఊరు. అంతకన్నా చెప్పను, మా ఓనరుగారు కూడా ఫేస్‌బుక్‌లో ఉన్నారు. అమ్మకాలు, తనఖాలు, దాన సెటిల్‌మెంట్లు, వీలునామాలు అన్నీ మా దగ్గరకి వస్తాయి. వాటన్నిటిలో నాకు చిరాకు తెప్పించేది హక్కు విడుదల దస్తావేజు. తండ్రి పోయాక, ఏడాది తిరిగే లోపో తిరిగాకో, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లని కారెక్కించి తీసుకొస్తారు. "నాకు సంక్రమించవలసిన హక్కులను నా పూర్తి ఇష్టముతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా విడుదల చేయడమైనది" అని కొడతాను. ఆ ప్రోద్బలం నా పక్కనే కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటుంది.

ఆ మధ్య ఒకావిడ వచ్చారు. యాభై పైనే ఉంటాయి. చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "అంటే నా వాటాకి ఎకరం పైన వస్తుందాండీ?" అని అడిగారు. అవునండీ అన్నాను. వెంటనే అన్నగారు అందుకున్నారు: "ఇప్పుడవన్నీ ఎందుకే చెల్లాయ్, సంక్రాంతికి నువ్వూ బావా వచ్చి నాలుగు రోజులుండి వెళ్లండి." ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. లోపల వేలిముద్ర మిషన్ మీద ఆవిడ వేలు పడలేదు. గిన్నెలు తోమి తోమి గీతలరిగిపోయిన వేళ్లు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టారు, ఎడమ చెయ్యి పెట్టారు, చివరికి పడింది. బయటికొచ్చాక వదినగారు చీర ఉన్న కవరూ, తాపేశ్వరం కాజాల డబ్బా చేతిలో పెట్టారు. కారు వచ్చేలోపు నా పక్కన నిలబడి ఆవిడన్న మాట ఇది: "పెట్టకపోతే మాట్లాడ్డం మానేస్తారమ్మా. మా ఇంటాయన చెయ్యి చేసుకున్నప్పుడు వచ్చి అడిగేవాడు వీడొక్కడే."

మొగుడి నుంచి కాపాడటానికి అన్న కావాలి, అన్న కావాలంటే భూమి వదులుకోవాలి. వదిలేశాక ఆ అన్న వస్తాడా రాడా అన్నది ఆయన ఇష్టం, వదినగారి ఇష్టం. అదే ఎకరం ఆవిడ పేరునే ఉంటే, దాని కౌలు ఆవిడ ఖాతాలోనే పడుతుంటే, ఆవిడ అన్నగారి కోసం ఎదురుచూడాల్సిన పనే లేదు. అసలు ఆ ఇంటాయన చెయ్యి అంత సులువుగా లేచేది కాదని నా నమ్మకం.

నమ్మకం అన్నాను గానీ ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కేరళలో తిరువనంతపురం జిల్లాలో పెళ్లైన ఆడవాళ్లని అడిగి లెక్క తీశారు. 2005లో అచ్చయింది. పేరు మీద ఏ ఆస్తీ లేని ఆడవాళ్లలో 49 శాతం మంది మొగుడి చేతిలో దెబ్బలు తిన్నవాళ్లే. భూమి ఒక్కటే ఉన్నవాళ్లలో ఆ లెక్క 18 శాతం, ఇల్లు ఒక్కటే ఉన్నవాళ్లలో 10, రెండూ ఉన్నవాళ్లలో 7. మన దగ్గర ఎవరైనా ఇలాంటి లెక్క తీస్తే బాగుండును. చదువుకుంటే మారతారు, ఉద్యోగం వస్తే మారతారు అని ఊరికే అంటాం. జీతం ఏటీఎం కార్డుతో సహా మొగుడి జేబులోకి వెళ్లిపోయే టీచరమ్మలు నాకు తెలుసు. తన పేరున ఉన్న ఇల్లు జేబులో పెట్టుకుపోవడం అంత తేలిక కాదు.

"కట్నం ఇచ్చాం కదండీ, మళ్లీ వాటా ఏంటండీ?" అంటారు అన్నదమ్ములు. మహా మర్యాదగా అంటారు, మనవాళ్లు ఏమన్నా మర్యాదగానే అంటారు కదా. సరే, ఆ కట్నం ఎక్కడికి వెళ్లిందో చూద్దాం. నగదైతే మామగారి అప్పులకో, ఆడపడుచు పెళ్లికో, చెరువు తవ్వకానికో పోతుంది. బంగారం సొసైటీ బ్యాంకులో తాకట్టులో ఉంటుంది. పసుపు కుంకుమ కింద రాసిన పొలం నిజంగానే అమ్మాయి పేరున ఉంటుంది, కానీ పాసుపుస్తకం అత్తగారి బీరువాలో, కౌలు డబ్బులు మామగారి చేతిలో ఉంటాయి. రొయ్యల చెరువులకి లీజుకిస్తే ఇంకా మంచి డబ్బు, అదీ అటే. రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల రోగంతో పోయాయనుకోండి, ముందు అమ్మకానికి వచ్చేది కోడలి ఎకరమే. అలా సంతకానికి వచ్చిన ఒక అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, "నేను ఎవరికి అమ్ముతున్నానండీ?" అని అడిగింది. బీటెక్ చదివిన పిల్ల. విక్రయదారు అన్నచోట తన పేరే ఉంది, కొనేవాళ్ల పేరు తనకి ఎవరూ చెప్పలేదు.

వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. అందులో ఆరో సెక్షన్ ఒకటుంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కట్నంగా ఎవరు ఏం పుచ్చుకున్నా, పెళ్లికి ముందు పుచ్చుకున్నదైతే పెళ్లైన మూడు నెలల్లోపు దాన్ని ఆ అమ్మాయికి అప్పగించాలి. అప్పగించకపోతే జైలో, జరిమానానో, లేదా రెండూనో. నిషేధించిన దాన్ని ఎలాగూ ఆపలేకపోయాం, కనీసం పుచ్చుకున్నది పిల్లకిచ్చారా అని అడగడం కూడా మనకి చేతకాలేదు.

వాటా సంగతికొస్తే మనవాళ్లు దేశం కన్నా ముందున్నారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం అప్పట్లో మగపిల్లలకే. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకీ ఆ హక్కు వచ్చింది. దేశమంతటికీ, పెళ్లైన వాళ్లతో సహా, అది రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. అప్పటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరై పంచుకున్నవాటిని మాత్రం తిరగదోడరు. ఇంత స్పష్టంగా ఉంది చట్టం. ఉండబట్టే మా షాపుకి విడుదల దస్తావేజుల గిరాకీ. హక్కే లేకపోతే విడుదల చేయించుకోవలసిన అవసరం ఎవరికుంటుంది చెప్పండి?

వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే, రాళ్లు వేయించుకుని మరీ చేశారాయన. ఆ పెళ్లికి దారిచ్చిన 1856 వితంతు పునర్వివాహ చట్టంలోనే ఇంకో మాట ఉండేది, అది బళ్లో చెప్పరు. మళ్లీ పెళ్లి చేసుకుంటే చనిపోయిన భర్త ఆస్తిలో ఆవిడకి ఏ హక్కూ ఉండేది కాదు. తాళి కట్టించుకోవచ్చు, పొలం మాత్రం వదిలేసి పో అని. ఇన్నేళ్లకీ మనం ఆడపిల్లకి ఏది ఇచ్చినా ఆ పద్ధతిలోనే ఇస్తున్నామనిపిస్తుంది నాకు.

ఇక మొగుడూ పెళ్లాల గొడవని పెద్దల్లో పెట్టడం. మా దగ్గర వంద రూపాయల స్టాంపు పేపర్లు కొనుక్కెళ్లేవాళ్లలో ఈ బాపతు కూడా ఉంటారు. "ఇకమీదట నా భార్యపై చెయ్యి చేసుకోనని పెద్దమనుషుల సమక్షంలో ఒప్పుకుంటూ" అని మొదలవుతుంది. రెండో పేరాలో తప్పకుండా ఒక షరతు ఉంటుంది, "భార్య కూడా అయినదానికీ కానిదానికీ పుట్టింటికి ఫోన్లు చేయరాదు" అని. దెబ్బకీ ఫోనుకీ ఒకే తూకం. పెద్దమనుషుల్లో ఒకాయన నాతోనే అన్నారు: "కొట్టడమంటే ఎంతమ్మా, కోపంలో ఓ దెబ్బ వేశాడంతే." ఆ 'అంతే' తిన్న అమ్మాయి కంటి కింద అప్పటికింకా కమిలి పచ్చగా ఉంది. ఆవిడ చేత కూడా సంతకం పెట్టించారు. ఆ కాగితం ఫోటో తీసుకుని ఫోనులో దాచుకోమని చెవిలో చెప్పాను. రేపు కేసు దాకా వెళ్తే, కొట్టానని మొగుడు తన సంతకంతో ఒప్పుకున్న కాగితం అదే.

దెబ్బ వేస్తే తప్పేంటి అనేది మగవాళ్లేనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 84 శాతం మంది ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి భర్త భార్యని కొట్టడం సబబే అన్నారు. అత్తమామల్ని లెక్కచెయ్యకపోతే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఇలాంటి కారణాలు. దీన్ని పట్టుకుని ఆడవాళ్లకి ఆడవాళ్లే శత్రువులు అని పోస్టులు పెట్టేవాళ్లకి ఒక దణ్ణం. వెళ్లడానికి చోటు లేనప్పుడు మనిషి ఉన్నచోటే న్యాయమైనదని తనకి తాను చెప్పుకుంటుంది. చెప్పుకోకపోతే ఆ ఇంట్లో రోజూ అన్నం ఎలా దిగుతుంది?

కోపం రాక కాదు మనకి. 2019లో హైదరాబాద్ పక్కన వెటర్నరీ డాక్టరమ్మని అత్యాచారం చేసి చంపిన ఆ ఘోరం జరిగినప్పుడు మా సెంటర్లో కూడా కొవ్వొత్తులు వెలిగించారు. ఆ డిసెంబరులోనే మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, 21 పని దినాల్లో తీర్పు రావాలని. 2020 ఫిబ్రవరిలో తొలి దిశ పోలీస్ స్టేషన్ రాజమండ్రిలోనే తెరిచారు. బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది చట్టం కాలేదు. దారిన పోయే దుర్మార్గుడి మీదైతే ఊరంతా ఒక్కటవుతుంది. లోపల గడియ పెట్టుకుని కొట్టేవాడు మాత్రం మన బంధువు, మన కులం, మన పక్కింటాయన. అక్కడ కొవ్వొత్తులు ఉండవు, "మొగుడూ పెళ్లాల మధ్య మనకెందుకు" ఉంటుంది.

పొలాలున్నవాళ్ల గోల సరే, లేనివాళ్ల మాటేమిటని అడుగుతారు, అడగాలి కూడా. నాట్లకీ కోతలకీ వెళ్లే ఆడవాళ్లు, రొయ్యల ప్లాంటులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసేవాళ్లు, కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్లి డబ్బు పంపేవాళ్లు మా చుట్టుపక్కల లెక్కలేనంత మంది. అక్కడా అదే ప్రశ్న. గల్ఫు డబ్బుతో కట్టిన ఇల్లు ఎవరి పేరున ఉంది? ప్రభుత్వం ఇచ్చే ఇళ్లస్థలం పట్టాలు మాత్రం ఆడవాళ్ల పేరునే ఇస్తున్నారు, ఆ ఒక్క పని ఏ పార్టీ చేసినా మంచిదే. మా ఇంటి వెనక వీధిలో ఒకడు తాగొచ్చి "నా ఇంట్లోంచి పోవే" అని పెళ్లాం మీద అరుస్తుంటే, ఎదురింటి మామ్మగారు అరుగు మీంచే కేకేసింది: "పట్టా ఎవరి పేరునుందిరా?" వాడు ఆ రాత్రి రామాలయం దగ్గర పడుకున్నాడు.

తల్లిదండ్రుల్ని చూసేది కొడుకులే కదా అని కింద ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు. చూసేది కోడళ్లు. మంచాన పడ్డ మామగారికి గుడ్డలు మార్చేది కోడలు, ఆ లెక్కన వాటా ఆవిడకి రావాలి. ఇద్దామా?

కాబట్టి ఆడపిల్లలకి నేను చెప్పేది ఆఫీసు పని లాంటి మాటలే. మీ పేరున ఏదైనా రాశారంటే దస్తావేజు నకలు మీ దగ్గర పెట్టుకోండి. భూమి ఎవరి పేరునుందో, సాగు ఎవరిదో చూపించే 1బి, అడంగల్ రికార్డులు మీభూమి వెబ్‌సైటులో చూసుకోవడం ఫోనులోనే అవుతుంది. కౌలు కాగితం మీద ఖాతా నంబరు మీదే ఉండాలి. ఇల్లు అత్తగారి పేరున ఉన్నా మిమ్మల్ని వీధిలోకి గెంటే హక్కు లేదని 2005 గృహహింస చట్టం చెబుతోంది, 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇక అన్నయ్య కారు పంపించి సంతకానికి రమ్మన్నాడనుకోండి, ముందురోజే డ్రాఫ్టు అడిగి తీసుకుని చదవండి. ఆస్తి విలువ ఎంతో చూసుకోండి. ఇష్టపడి వదులుకుంటానంటే మీ ఇష్టం, నేను కాదనను. ఇష్టం లేకుండా అక్కడిదాకా వచ్చేసినా ఇంకో అవకాశం ఉంది. సబ్ రిజిస్ట్రార్ మీ ముఖం చూసి ఈ దస్తావేజు మీరే రాసిచ్చారా, ఒప్పుకుంటున్నారా అని అడుగుతారు. అందరూ తలూపేస్తారు. ఒప్పుకోను అని నోటితో చెబితే మీ మటుకు ఆ రిజిస్ట్రేషన్ ఆపెయ్యాలి, అది రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. టైపు చార్జీల గురించి బెంగపెట్టుకోకండి, మీ అన్నయ్య ముందే కట్టేసి ఉంటారు.