కీమో ఆర్డర్‌ను బిల్లుకు కట్టేస్తే ఎలా?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఒక మాదిరి పెద్ద ఆసుపత్రికి వెళ్లి ‘కీమోకు సాఫ్ట్‌వేర్ ఉందా’ అని అడిగితే ఉందనే చెబుతారు. చూపించమంటే చాలాచోట్ల తెరిచేది బిల్లింగ్ స్క్రీనే. పేషెంటు పేరు, ప్యాకేజీ కోడు, ఎన్నో సైకిల్ (కీమో విడత), ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) వచ్చిందా లేదా, స్టోర్ నుంచి ఎన్ని వయల్స్ (మందు సీసాలు) వెళ్లాయి... అన్నీ అందులో ఉంటాయి. డాక్టరు ఏ మందు ఎంత మోతాదులో, ఏ వరుసలో, ఎన్ని గంటల్లో ఎక్కించమన్నారన్నది, అంటే అసలు ఆర్డర్, మాత్రం కేస్ షీట్‌లో చేతిరాతతో ఉంటుంది.

ఇలా ఎందుకైందో ఊహించడం కష్టం కాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో కీమోకు డబ్బు రెజిమెన్ (ఏ మందులు, ఏ వరుసలో, ఎన్నాళ్లకోసారి అన్న చికిత్స పద్ధతి) పేరు మీద, సైకిల్ లెక్కన వస్తుంది. ఆ పథకమే లేకపోతే పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి వచ్చే ఎంతోమందికి కీమో అందేదే కాదు. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆసుపత్రి కంప్యూటర్ డబ్బు వచ్చే దారి వెంటే పెరిగింది. ఇప్పుడు ‘కీమో మాడ్యూల్’ కావాలంటే ఆ బిల్లింగ్‌కే మరో పేజీ తగిలిస్తున్నారు. నా వాదనంతా దీని మీదే. కీమో ఆర్డర్ బిల్లు చుట్టూ అల్లే పని కాదు. ముందు ఆర్డర్‌ను విడిగా కట్టుకోవాలి, బిల్లు దాని నుంచి పుట్టాలి.

ఆర్డర్ అంటే మామూలు మందుల చీటీ అనుకుంటే పొరపాటు. ఆరు సైకిళ్లు, మూడేసి వారాల ఎడం, కొన్ని రెజిమెన్లలో ఒక్కో సైకిల్‌కు మళ్లీ మొదటి రోజు, ఎనిమిదో రోజు, పదిహేనో రోజు. అసలు మందుకు ముందు వాంతులు రాకుండా ఒకటి, అలర్జీ రాకుండా ఒకటి, మధ్యలో సెలైన్. డెల్టా కాలువలకు వంతులవారీగా నీళ్లు వదిలినట్టు, ప్రతి విడతా వెనకటి విడత ఏమైందో చూసుకుని నడవాలి. కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పెరగలేదంటే వారం ఆగాలి. అప్పుడు మిగిలిన తేదీలన్నీ వెనక్కి జరగాలి. వేళ్లు మొద్దుబారుతున్నాయంటే ఒక మందు తగ్గించి రెండోది అలాగే ఉంచాలి. ప్యాకేజీ కోడుకు ఇవేవీ కనిపించవు. దానికి మొదటి సైకిల్‌కీ మూడో సైకిల్‌కీ తేడా ఒక అంకె మాత్రమే.

అండాశయ క్యాన్సర్‌లో తరచూ వాడే కార్బోప్లాటిన్‌ను తీసుకోండి. దీని మోతాదు శరీర వైశాల్యాన్ని బట్టి కాక కిడ్నీల పనితీరును బట్టి నిర్ణయిస్తారు. 1989 నాటి కాల్వర్ట్ సూత్రం చిన్నదే. జీఎఫ్ఆర్‌కు (కిడ్నీలు ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంకె) 25 కలిపి, కావలసిన ఏయూసీతో (ఒంటికి మొత్తం ఎంత మందు తగలాలో చెప్పే లక్ష్యం) గుణించాలి. జీఎఫ్ఆర్‌ను నేరుగా కొలిచే వీలు మామూలు ఆసుపత్రుల్లో ఉండదు కనుక వయసు, బరువు, క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే ఒక వ్యర్థం రక్తంలో ఎంత ఉందో) తీసుకుని 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో అంచనా కడతారు. వినుకొండ నుంచి వచ్చిన 55 ఏళ్ల మహిళ అనుకుందాం. బరువు 50 కిలోలు, క్రియాటినిన్ 0.8. ఏయూసీ 5కు మోతాదు సుమారు 439 మిల్లీగ్రాములు. మూడో సైకిల్ నాటికి ఆమె బరువు 44కు పడిపోయి, క్రియాటినిన్ 1.3కు పెరిగిందంటే అదే మోతాదు సుమారు 295కు దిగాలి. మూడింట ఒక వంతు తగ్గాలన్నమాట. ప్యాకేజీ అదే, సైకిల్ ధర అదే. గత సైకిల్ ఆర్డర్‌ను కాపీ చేసే మీట ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే మళ్లీ 439 అనే చూపిస్తుంది.

ఇంతవరకు ఎవరైనా రాయగలరు. కానూరు నుంచి వడ్డేశ్వరం దాకా మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏ ఫైనలియర్ బ్యాచ్ చూసినా ఒక ‘హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ ప్రాజెక్టు ఉండనే ఉంటుంది. రెండు సూత్రాలు అందులో పెట్టడం ఒక సాయంత్రం పని. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. తిండి సహించక కండ కరిగిపోయిన మనిషిలో అది 0.4కు కూడా పడిపోవచ్చు. దానర్థం కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నాయని కాదు. సూత్రం మాత్రం అలాగే అనుకుంటుంది. ఇందాకటి మహిళకే 44 కిలోల బరువు, 0.4 క్రియాటినిన్ వేసి చూడండి, మోతాదు 677 మిల్లీగ్రాములు వస్తుంది. మనిషి చిక్కింది, మందు పెరిగింది! అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో జీఎఫ్ఆర్‌ను 125కు మించి లెక్కలోకి తీసుకోవద్దని సూచించింది. ఆ గీత ప్రకారం ఏయూసీ 5కు గరిష్ఠ మోతాదు 750. మన 677 దానికి లోపలే ఉంది కనుక ఆ గీత ఒక్కటే పెట్టుకున్న విదేశీ సాఫ్ట్‌వేర్ ఎర్ర గుర్తు చూపించదు. అందుకే చాలామంది ఆంకాలజిస్టులు క్రియాటినిన్ మరీ తక్కువ వస్తే 0.7గానో 0.8గానో తీసుకుంటారు. 0.7 వేస్తే మోతాదు 440కి దిగుతుంది. సరే, 0.7 వేయాలా, 0.8 వేయాలా? ఇది ఆసుపత్రిలో ఎవరో కూర్చుని నిర్ణయించి, సంతకం పెట్టి, సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు ఇవ్వాల్సిన సంగతి. అలా ఇచ్చే మనిషి లేనప్పుడు నిర్ణయం ఏసీ గదిలో కోడ్ రాస్తున్న పాతికేళ్ల కుర్రాడి మీద పడుతుంది. అతనికి తాను నిర్ణయం తీసుకుంటున్నానని కూడా తెలియదు.

లెక్క కన్నా కాలం దగ్గర జరిగే తప్పులు ఇంకా భయంకరం. 1994లో బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో, బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్య కథనాలు రాసే బెట్సీ లేమన్ చనిపోయారు. సైక్లోఫాస్ఫమైడ్ నాలుగు రోజులకు కలిపి ఇవ్వాల్సిన మొత్తాన్ని ఒక్కొక్క రోజూ ఇచ్చారు. ఇది బయటపడింది మరుసటి ఏడాది, రికార్డులు తిరగేస్తున్నప్పుడు. 2006లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇంకో రకం. ఫ్లోరోయురాసిల్ నాలుగు రోజుల పాటు సన్నగా ఎక్కాలి. పంపులో గంటకు 1.2 మిల్లీలీటర్లు అని పెట్టాల్సింది 28.8 అని పెట్టారు. నాలుగు రోజుల మందు నాలుగు గంటల్లో ఎక్కేసింది, ఆ పేషెంటు బతకలేదు. మోతాదు లెక్క సరైనదే. ఇద్దరు నర్సులు సరిచూశారు కూడా. 28.8 అన్న అంకె రోజుకు ఎంతో చెప్పేది. అది లేబుల్ మీదే ఉంది, గంటకు ఎంతో చెప్పే అంకె పక్కన. పంపు అడిగే అంకె ఒక్కటే ఉండాల్సిన చోట రెండు ఉంటే అలసిన కళ్లు ఏదో ఒకటి ఎంచుకుంటాయి. లేబుల్ ప్రింటింగ్ అంటే మన ప్రాజెక్టుల్లో ఆఖరి వారం ఎవరో జూనియర్‌కు అప్పగించే పని. నన్నడిగితే మొదటి వారంలోనే డే కేర్ సిస్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి.

కంప్యూటర్ పెడితే ఇవన్నీ పోతాయా? కొన్ని పోతాయి, కొత్తవి వస్తాయి. అమెరికాలో కంప్యూటర్ ఆర్డర్ల మీద 2005లో జామా వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, ఆ వ్యవస్థే తోడ్పడిన 22 రకాల పొరపాట్లను లెక్కపెట్టింది. మరో రకం ప్రమాదం ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చూశాం. 2014-15లో అక్కడి రెండు ఆసుపత్రుల్లో పది మంది రక్త క్యాన్సర్ రోగులకు సైటరాబిన్ రోజుకు రెండుసార్లు బదులు ఒక్కసారే అందింది. ప్రోటోకాల్ పత్రంలోనే తప్పు దొర్లింది. దాన్ని నమ్మినవాళ్లందరూ నిష్ఠగా తప్పు చేశారు. చేతిరాతలో తప్పయితే ఒక పేషెంటుతో ఆగుతుంది. టెంప్లేట్‌లో తప్పు ప్రతి పేషెంటుకూ చక్కగా టైపై వస్తుంది, చూడగానే నమ్మబుద్ధేస్తుంది.

అందుకే ప్రోటోకాల్ లైబ్రరీకి (రెజిమెన్ల టెంప్లేట్లన్నీ ఉండే చోటు) యజమాని ఎవరన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న. ఒక రెజిమెన్ మారితే ఎవరి సంతకంతో మారింది, ఎప్పటి నుంచి, ఇప్పటికే మూడో సైకిల్‌లో ఉన్నవాళ్లు పాతదాంట్లోనే కొనసాగాలా అన్నవి సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకోవాలి. దాన్ని ఎవరో ఎక్సెల్ షీట్‌లో పెట్టుకున్నారంటే, ఏదో రాత్రి డ్యూటీలో ఒక గడిలోని సూత్రం మీద మామూలు అంకె టైపై పోయినా ఎవరికీ తెలియదు.

కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్ చేయాల్సిన గొప్ప పని ఆప్షన్ ఇవ్వకపోవడమే. విన్‌క్రిస్టిన్ నరానికి ఎక్కించాల్సిన మందు. పొరపాటున వెన్నులోకి వెళితే దాదాపుగా ప్రాణాంతకం. సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. అలాంటప్పుడు ఆ మందుకు ‘సిరంజి’ అన్న ఎంపికే స్క్రీన్ మీద ఉండకూడదు. హెచ్చరికలు మాత్రం పొదుపుగా ఉండాలి. ప్రతి మీటకూ ఒక పసుపు పెట్టె లేస్తుంటే మూడో రోజు నుంచి ఎవరూ చదవరు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. పేషెంటు ఒకచోట ఉండడు. ఆపరేషన్ హైదరాబాద్‌లో, మొదటి రెండు సైకిళ్లు విజయవాడలో, మిగిలినవి గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ కేంద్రంలో, మధ్యలో ఎవరో చెబితే వెల్లూరు. ఫైళ్లన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వెంట తిరుగుతుంటాయి. డాక్సోరుబిసిన్ వంటి మందుకు జీవితకాలపు పరిమితి ఉంది. చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటితే గుండె దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు 60 చొప్పున నాలుగు సైకిళ్లు తీసుకుంటే 240. ఏళ్ల తర్వాత అదే మనిషికి లింఫోమా వచ్చి 50 చొప్పున ఆరు సైకిళ్లు ఇవ్వాల్సి వస్తే మరో 300. మొత్తం 540. ఏ ఆసుపత్రి ఫైల్ చూసినా దాని వాటా పరిమితికి లోపలే కనిపిస్తుంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చిన 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఇక్కడే పనికిరావాలి. కానీ ఆ నంబరు వెనక డిశ్చార్జ్ సమ్మరీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌గా ఉంటే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కూడలేదు. మందు పేరు, నిజంగా ఎక్కిన మోతాదు, తేదీ విడివిడి గడుల్లో ఉండాలి.

‘నిజంగా ఎక్కిన’ అన్నది ఊరికే అనలేదు. ఆర్డర్ చేసింది 439 కావచ్చు. మన దగ్గర కార్బోప్లాటిన్ 150, 450 వయల్స్‌లో దొరుకుతుంది కనుక 450 ఇవ్వవచ్చు. రెండున్నర శాతం తేడాకు అభ్యంతరం ఉండదు, వయల్‌లో మందు వృథా కాదు. లేదా సగం ఎక్కాక ఆయాసం వచ్చి ఆపేసి ఉండొచ్చు. బిల్లు మాత్రం పూర్తి వయల్‌కే పడుతుంది. బిల్లునే రికార్డు అనుకుంటే ఆమెకు పూర్తి మందు అందినట్టే లెక్క.

డాక్టర్ల వైపు అభ్యంతరం సబబైనదే. ఓపీలో పేషెంట్లు వరుస కట్టి ఉండగా పదిహేను గడులు నింపమంటే ఎవరు నింపుతారు? సాఫ్ట్‌వేర్ కాగితం కన్నా వేగంగా ఉండకపోతే వాడరు, వాడకపోవడమే న్యాయం. రెజిమెన్ ఎంచుకోగానే ఆర్డర్ అంతా ముందే నిండి, ఈసారి మారినవి మాత్రమే కళ్లకు కనబడాలి. బరువు, క్రియాటినిన్ ఎన్ని రోజుల కిందటివో పక్కనే చూపించాలి. నెట్ పోయినా ఆ రోజు ఆర్డర్లు ప్రింటు రూపంలో సిస్టర్ చేతిలో ఉండాలి. పేషెంటుకు తెలుగులో ఒక కార్డు రావాలి. మళ్లీ ఎప్పుడు రావాలి, జ్వరం 100.4 దాటితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఈ మధ్య ఏ మీటింగ్‌లో చూసినా ‘ఇందులో ఏఐ ఉందా’ అని అడుగుతున్నారు. ముందు ఆ కార్డు ఉందా అని అడిగితే బాగుంటుంది.

ఇదంతా ఒక్కో ఆసుపత్రి సొంతంగా చేసుకోలేదు, చేసుకోనక్కర్లేదు కూడా. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ (దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి) చికిత్స మార్గదర్శకాలు ఇస్తోంది. గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ కారులో గంట లోపు దూరం. ఈ రెండు చోట్ల ఆంకాలజిస్టులు, ఫార్మసిస్టులు, నర్సులు కలిసి మన దగ్గర ఎక్కువగా వాడే రెజిమెన్లకు కంప్యూటర్ చదవగలిగే లైబ్రరీని తయారుచేసి, అందరికీ ఉచితంగా ఇచ్చి, ఏటా సవరిస్తే చాలు. స్క్రీన్లు ఏ కంపెనీ అయినా చేసుకోవచ్చు. పునాదికి కూడా సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే ఉచిత వైద్య రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద కట్టిన బాహ్మ్ని అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, ఛత్తీస్‌గఢ్ గనియారీలోని జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అవసరాల్లోంచే పెరిగింది.

వైద్య సేవ పథకం డబ్బు ఇచ్చే ట్రస్టు చేతిలో ఒక మంచి మీట ఉంది. అయితే దాన్ని జాగ్రత్తగా నొక్కాలి. ఇప్పుడు అడిగే కాగితాలకు ఇంకో ఫారం కలిపితే ఆపరేటర్ సాయంత్రం కూర్చుని పాత తేదీలతో నింపేస్తాడు. మందు ఎక్కించాక సిస్టర్ నమోదు చేసిన రికార్డు నుంచే క్లెయిమ్ దానంతట అదే తయారైతే ఎవరికీ అదనపు పని ఉండదు. ఆలస్యమైన సైకిల్, తగ్గించిన మోతాదు ఉన్నా డబ్బు ఆగదని స్పష్టంగా చెప్పాలి. లేకపోతే తగ్గించినదాన్ని తగ్గించినట్టు ఎవరూ రాయరు.

సాఫ్ట్‌వేర్ కొనే ముందు డెమోకు అకౌంట్స్ మేనేజర్‌తో పాటు డే కేర్ సిస్టర్‌నీ, మందు కలిపే ఫార్మసిస్టునీ కూర్చోబెట్టాలి. కంపెనీవాళ్లు తెచ్చుకున్న కేసు కాకుండా మన కేసు ఇవ్వాలి. మూడో సైకిల్ ఎనిమిదో రోజు, కౌంట్స్ తక్కువగా ఉండి వారం వాయిదా పడింది, తిరిగి వచ్చాక సగం ఎక్కగానే రియాక్షన్ వచ్చి ఆపేశారు. ఇది నమోదు చేసి చూపించమనాలి. కొన్నింట్లో ‘ఇచ్చాం’, ‘ఇవ్వలేదు’ అన్న రెండే గడులు ఉంటాయి. అలాంటిదైతే ధర గురించి మాట్లాడే పనే ఉండదు.