యూనివర్సిటీలు మూసేయమనే ఆ మెసేజ్‌కి నా జవాబు

వారం నుంచి మా కందుకూరు, కావలి గ్రూపులన్నిటిలో ఒకటే మెసేజ్. "మన పన్నులతో ప్రభుత్వ యూనివర్సిటీలు ఎందుకు? ముప్ఫై ఏళ్లొచ్చినా హాస్టల్లో కూర్చుని తింటారు, చదువవగానే అమెరికా పోతారు. ప్రైవేటు కాలేజీలే నయం. కావాల్సినవాడు లోన్ తీసుకుని చదువుకుంటాడు, మూసేయండి" అని. పంపినవాళ్లలో కావలి పీజీ సెంటర్లో చదివి ఉద్యోగం తెచ్చుకున్న అన్నలూ ఉన్నారు. నాకు మంట అక్కడే.

హాస్టల్ తిండి గురించి వాదనే అనవసరం. ఆ మెస్‌లో ఒక నెల తిన్నాక మాట్లాడండి.

అమెరికా అంటారా, మీ చుట్టాల పిల్లల్లో అక్కడికి పోయినవాళ్లు ఏ కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివారో మీరే లెక్కేసుకోండి. ఇక్కడ ఉండిపోయిన చదువు ఏం చేసిందో నేను చెప్తాను. ఈ మెసేజ్ టైప్ చేసినాయన మధ్యాహ్నం తిన్నది బీపీటీ 5204 అయ్యుండొచ్చు, అది 1986లో బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరి. లేదంటే నెల్లూరు మసూరి, ఎన్ఎల్ఆర్ 34449, మన నెల్లూరు పరిశోధన కేంద్రానిది. రెండు కేంద్రాలూ ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివే. ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ 1991లో పెట్టారు. ఆ తర్వాత కొన్నేళ్లకే వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చి రొయ్యల గుంటలు ఎలా ఖాళీ అయ్యాయో ఈ తీరంలో ఎవర్నడిగినా చెప్తారు. నీళ్లు పరీక్ష చేసి, రోగం పట్టి చెప్పగలిగే చదువు ఒకటి ఉండాలని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. కాలేజీ గడప తొక్కని రైతుకి కూడా ఆ చదువు పనికొస్తోంది, మీరేమో డిగ్రీ తీసుకున్నవాణ్ని మాత్రమే లెక్కేస్తున్నారు.

ప్రైవేటే నయమట. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో ఆ కాలేజీలకు వెళ్తున్నదీ మన పన్నుల డబ్బే కదా. సరే, కొత్త వరి వంగడం కోసం పదేళ్లు ఓపిక పట్టే ప్రైవేటు కాలేజీ ఒక్కటి ఉంటే పేరు చెప్పండి.

ఇక లోన్ మాట. మెసేజ్ మొత్తంలో నాకు ఒళ్లు మండింది దీనికే. లోన్ 7.5 లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. కొండపి వైపు కౌలుకి పొగాకు వేసి, పొగాకు కాల్చే బ్యారన్ మీద అప్పు, ఎరువుల కొట్లో అప్పు తెచ్చి, వేలంలో రేటు పడిపోతే ఇంటికి ఖాళీ చేతులతో వచ్చే మనిషి ఏం తాకట్టు పెడతాడు? ఎలాగో తెచ్చాడే అనుకుందాం, ఇంట్లో కొడుకూ కూతురూ ఉంటే ఆ అప్పు ఎవరి చదువుకి పోతుందో మీకు తెలీదా? ఆడపిల్ల చదువుకి అప్పెందుకు, ఆ డబ్బేదో పెళ్లికి ఉంచుదాం అనే మాట మనందరి ఇళ్లలో విన్నదేగా! నెల్లూరు డీకే ప్రభుత్వ మహిళా కాలేజీ లాంటివి లేకపోతే పల్లెల నుంచి వచ్చిన ఎంతమంది ఆడపిల్లల చదువు ఇంటర్‌తో ఆగిపోయేది? మీ అమ్మాయిని ప్రైవేటులో చేర్చగలిగారు, సంతోషం. చేర్చలేనివాడి కూతురికి ఉన్న ఒక్క దారీ మూసేయమని ఫార్వర్డ్ చేయడానికి మీకు చెయ్యెలా వచ్చింది?

డాక్టర్ల సంగతీ ఇంతే. ఏడాదికి లక్షలు పోసి మేనేజ్‌మెంట్ సీటు కొన్నవాణ్ని కనిగిరిలో తక్కువ ఫీజుకి చూడమంటే చూస్తాడా? పైగా మెడికల్ కాలేజీ అంటే సీట్లొక్కటే కాదు, దాని వెనక ఆస్పత్రి ఉంటుంది. ఒంగోలు రిమ్స్, అంటే అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో రోజూ ఓపీ లైన్లో నిలబడేవాళ్లకు ఎంబీబీఎస్ సీటుతో పనే లేదు. మార్కాపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీని పీపీపీకి, అంటే ప్రైవేటు భాగస్వామ్యానికి ఇద్దామని 2025లో నిర్ణయం తీసుకున్నప్పుడు పశ్చిమ ప్రకాశంలో జనం కంగారు పడింది ఇందుకే.

ఒక్క విషయంలో మాత్రం ఆ మెసేజ్ రాసినాయనది నిజమే. "అక్కడ చెప్పేవాళ్లే లేరు" అన్నాడు, అవును, లేరు. రాష్ట్ర యూనివర్సిటీల్లో 3 వేలకు పైగా పోస్టులకు 2023లో నోటిఫికేషన్ ఇస్తే అది కోర్టు కేసుల్లో చిక్కుకుంది. కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల మీదే డిపార్ట్‌మెంట్లు నడుస్తున్నాయి, రీసెర్చ్ మూలన పడింది. డొనేషన్ కట్టి ప్రైవేటుకి పోయినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ పంతులు లేడని బడి కూలగొడతామా అన్నా? ఆ పోస్టులు నింపమని ఒక మెసేజ్ రాయండి, అన్ని గ్రూపుల్లో నేనే పెడతాను.