పాత స్పోర్ట్స్ కారుకు అన్నీ ఒరిజినల్ పార్టులే వేయాలా?

పాత స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. నాకే మూడు నాలుగు సార్లు వచ్చింది. సారాంశం ఇది: "క్లాసిక్ కారు బాగుచేసేటప్పుడు ప్రతి పార్టూ ఆ రోజుల్లో ఫ్యాక్టరీ వేసిన ఒరిజినలే ఉండాలి. వాడకుండా డబ్బాలో మిగిలిపోయిన పాత స్టాకు దొరికితే కళ్లు మూసుకుని కొనండి. ఇప్పుడు తయారయ్యేదంతా నాసిరకం. అన్నీ ఒరిజినల్‌వి వేస్తే కారు సురక్షితం, విలువ రెట్టింపు."

నేను ఇంగ్లాండులో ఉంటాను. 1966 నాటి ఎమ్‌జీబీ అనే రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి కొని, తొమ్మిదేళ్లుగా సెలవు రోజుల్లో నా చేతులతోనే బాగుచేసుకుంటున్నాను. పాత పార్టు చేతిలోకి వస్తే కలిగే సంతోషం నాకూ తెలుసు. అయినా ఈ మాట నమ్మి ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటారేమోనన్న భయంతో ఇది రాస్తున్నాను.

మొదట "ఫ్యాక్టరీ వేసిన ఒరిజినల్" అన్న మాట చూద్దాం. ఎమ్‌జీబీ ఇంగ్లాండులోని అబింగ్డన్ ఊళ్లో 1962 నుంచి 1980 దాకా తయారైంది. ఆ పద్దెనిమిదేళ్లలో ఫ్యాక్టరీ దాన్ని మారుస్తూనే ఉంది. మొదటి ఇంజన్లలో పిస్టన్లు తిప్పే ఇరుసుకు, అంటే క్రాంక్ షాఫ్టుకు మూడు మెయిన్ బేరింగులు, 1964 చివర్లో అయిదయ్యాయి. 1967 దాకా కరెంటు పుట్టించేది డైనమో, బ్యాటరీ ప్లస్ వైరును కారు బాడీకి కలిపే పాజిటివ్ ఎర్త్. తర్వాత ఆల్టర్నేటర్, మైనస్ వైరును కలిపే నెగటివ్ ఎర్త్. ఫస్టు గేరు మోత లేకుండా పడేలా చేసే సింక్రో కూడా అప్పుడే వచ్చింది. 1974 చివర్లో క్రోమ్ బంపర్లు పోయి నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి, కారు ఎత్తు కూడా పెంచారు. కాబట్టి ఎమ్‌జీబీకి ఒరిజినల్ పార్టు అంటే చాలదు, ఏ ఏడాది కారుకో చెప్పాలి. గేడన్‌లోని బ్రిటిష్ మోటర్ మ్యూజియం పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి, మన కారు ఎప్పుడు, ఎలా తయారైందో సర్టిఫికెట్ ఇస్తుంది. పార్టులు కొనే ముందు అది తెప్పించుకోండి. నేను తెప్పించుకోకముందే ఒకరి మాట విని 1970ల నాటి స్విచ్చులు కొన్నాను. అవీ ఒరిజినలే, కానీ నా కారువి కావు.

ఇక "డబ్బాలోని పాత స్టాకు కళ్లు మూసుకుని కొనండి" అన్నది. అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. ఇనుము, ఇత్తడి, అల్యూమినియం పార్టులైతే తుప్పు లేకుండా చూసుకుంటే నలభై ఏళ్ల తర్వాతా పనికొస్తాయి. రబ్బరు అలా కాదు. వాడినా వాడకపోయినా దాని వయసు దానికి పెరుగుతూనే ఉంటుంది. ముందు చక్రానికి బ్రేకు హోస్, అంటే బ్రేకు ఆయిలు వెళ్లే రబ్బరు గొట్టం ఒకటి సీలు విప్పని డబ్బాలో దొరికిందని సంబరపడి బిగించాను. పైకి నిగనిగలాడుతూ ఉంది. రెండో వారం కారు ఎడమకి లాగడం మొదలైంది, చక్రం దగ్గర కాలిన వాసన. విప్పి కోసి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోయింది. పెడలు తొక్కితే ఆయిలు బలంగా తోసుకుని వెళ్తోంది, వదిలాక వెనక్కి రావడం లేదు, బ్రేకు పట్టేసే ఉంటోంది. ఆ రోజు పక్క సీట్లో మా అమ్మాయి ఉంది. అప్పటినుంచి బ్రేకు హోసులు, సీళ్లు, టైర్లు, పెట్రోలు గొట్టాలు కొత్తగా తయారైనవి తప్ప నా కారుకు వేయను. తయారీ తేదీ చూసే కొంటాను.

పాత బ్రేకు లైనింగుల సంగతి ఇంకోటి. ఆ రోజుల్లో వాటిలో ఆస్బెస్టాస్ ఉండేది. గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రిటన్‌లో 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించారు. ఒరిజినల్ అన్న ఒక్క కారణంతో దాన్ని తెచ్చి షెడ్డులో అరగదీసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇంకో విషయం. ఇక్కడ 2018 నుంచి, నలభై ఏళ్లు దాటి పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఏటా చేసే తనిఖీ తప్పనిసరి కాదు. పాత నమూనాలోనే ఉన్న కొత్త పార్టు వేస్తే దాన్ని పెద్ద మార్పుగా లెక్కించరు. అంటే ఒరిజినల్ డబ్బాలోది వేయాలని చట్టం అడగడం లేదు. పైగా తనిఖీ చేసేవాడు లేడు కాబట్టి బ్రేకుల బాధ్యత పూర్తిగా మనదే.

పెట్రోలు కూడా ఇప్పుడు ఆ రోజుల నాటిది కాదు. అప్పటి పెట్రోలులో సీసం ఉండేది, అది ఇంజన్ వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచులను, అంటే వాల్వు సీట్లను అరిగిపోకుండా కాపాడేది. 2000 జనవరి నుంచి బ్రిటన్‌లో సీసం పెట్రోలు మామూలు అమ్మకం ఆగిపోయింది. ఆ సీట్లు ఉండే ఒరిజినల్ సిలిండర్ హెడ్డును అలాగే ఉంచి వేగంగా నడిపితే వాల్వులు మెల్లమెల్లగా సీట్లలోకి దిగిపోతాయి. అదే హెడ్డు ఉంచుకుని, గట్టి లోహపు సీట్లు పెట్టించుకుంటే సరి. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను అది పాడుచేస్తుంది. ఎమ్‌జీబీ ఇంజన్లో కార్బురేటర్లు, ఎగ్జాస్టు రెండూ ఒకే పక్కన ఉంటాయి, కార్బురేటర్లు పైన, కాలుతున్న ఎగ్జాస్టు కింద. అక్కడ గొట్టం చెమర్చితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇండియా బంకుల్లో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం. హైదరాబాదులోనో విశాఖలోనో పాత కారు ఉన్నవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఈ గొట్టాలనే.

"కొత్తగా తయారయ్యేదంతా నాసిరకం" అన్నదాంట్లో మాత్రం సగం నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరులో వేసే కొత్త రోటార్ ఆర్ములు, కండెన్సర్లు కొన్ని మరీ అన్యాయం. మధ్యలో రివెట్టు ఉండే చవక రోటార్ వేస్తే కరెంటు ఆ రివెట్టు గుండా షాఫ్టులోకి దిగిపోయి కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. డిస్ట్రిబ్యూటరు, షాక్ అబ్జార్బర్ల లాంటివి పాతవే తీసి, బుష్షులు మార్చి బాగుచేయించుకోవడం చాలాసార్లు మేలు. కానీ అంతా నాసిరకం అంటే ఎలా? పాత బ్రిటిష్ కార్లకు పార్టులు తయారుచేసే బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ కంపెనీ వాళ్లు పాత ప్రెస్సు అచ్చులను వెతికి పట్టుకుని, 1988లో ఎమ్‌జీబీ బాడీ మొత్తాన్ని మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టారు. అచ్చులు పాతవి, రేకు కొత్తది. అడుగు భాగమంతా తుప్పు తినేసిన ఎన్నో కార్లు ఆ బాడీల వల్లే ఇవాళ రోడ్డు మీద ఉన్నాయి.

విలువ రెట్టింపు సంగతికి వస్తే, పైకప్పు ఉన్న జీటీ వగైరా రకాలు కలుపుకుని ఎమ్‌జీబీలు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. అరుదైన కారు కాదు. పూర్తిగా బాగుచేయించడానికి పెట్టిన డబ్బు అమ్మితే తిరిగి రావడమే కష్టం. పైగా కారుతోపాటు పుట్టిన సీటు తోలు పగిలిందని పారేసి, ఖరీదైన "ఒరిజినల్" తోలు తెచ్చి వేస్తే ఒరిజినల్ పోయినట్టే, వచ్చినట్టు కాదు. 2024లో అమెరికాలోని పెబుల్ బీచ్ పాత కార్ల పోటీలో మొదటి బహుమతి మొదటిసారిగా ఒక ప్రిజర్వేషన్ కారుకు, అంటే కొత్తగా చేయకుండా ఉన్నదున్నట్టు కాపాడుకున్న కారుకు వచ్చింది. అది 1934 నాటి బుగాటి టైప్ 59, రంగు పెచ్చులూడినా దాన్ని మెరిపించకుండా అలాగే ఉంచారు.

నా కారు సీట్లు కూడా 1966 నాటివే. డ్రైవరు సీటు కుట్టు ఒకచోట విడిపోతే అదే రంధ్రాల్లోంచి మైనం దారంతో మళ్లీ కుట్టాను. బ్రేకు పార్టులన్నీ కొత్తవి. తీసేసిన పాత డైనమో, స్విచ్చులు, ఆఖరికి స్క్రూలు కూడా తేదీ రాసిన డబ్బాల్లో అటక మీద ఉన్నాయి. తర్వాత ఈ కారు ఎవరు కొన్నా ఆ డబ్బాలు కూడా వాళ్లకే ఇస్తాను.