‘ఏడవొద్దమ్మా’ అనే ముందు

మొన్న చలికాలంలో పరకాల దగ్గర ఒక ఊరికి చావుకు వెళ్లాను. పోయినాయన వరుసకు మాకు పెద్దనాన్న. ఆదివారం ఆరాధన మానని కుటుంబం. ఇంటి ముందు టెంటు కింద ఫ్రీజర్ బాక్స్ పెట్టారు. దాని అద్దం మీద చేయి వేసి పెద్దమ్మ రాగం తీసింది.

“కాయ ఏరబోతే నాకు ఎవలు సద్ది తెస్తరయ్యా... ఎనుమాముల మార్కెట్ల బస్తాలకాడ రెండు రాత్రులు కావలి పండుకుంటివి... ధర రాలేదని ఇంటికొచ్చి అన్నం ముట్టకపోతివి... బిడ్డ పెండ్లి అప్పు తీరకముందే పోతివా...”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొంతు కలపబోతుండగా సంఘపెద్ద ఒకాయన వంగి, “అమ్మా, ఏడవొద్దు. అన్న ప్రభువు దగ్గర ఉన్నడు. మనకు నిరీక్షణ ఉంది. పాట పాడుకుందాం” అన్నాడు. అంతలోనే మైకు ఆన్ అయింది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ పెద్దాయన చెడ్డవాడేం కాదు. రాత్రంతా ఆ ఇంట్లోనే ఉన్నాడు, గుంత తవ్వేవాళ్లను మాట్లాడింది కూడా ఆయనే. కానీ ఆ మాట మాత్రం నాకు మింగుడు పడలేదు.

అలా అనడానికి ఆయన దగ్గర ఒక వాక్యం ఉంది. నిరీక్షణ, అంటే పోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న ఆశ, లేని ఇతరుల వలె దుఃఖపడవద్దని బైబిల్లో పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. మన సంఘాల్లో దాన్ని చదువుతూ చదువుతూ ‘ఇతరుల వలె’ అన్న ముక్కను ఎక్కడో జారవిడిచాం. దుఃఖపడవద్దు అన్నదే మిగిలింది. మరి చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు చేసిందేమిటి? కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని ఆయనకు తెలుసు. అయినా కన్నీళ్లు విడిచాడు. యిర్మీయా గ్రంథం 9వ అధ్యాయంలోనైతే రోదనం చేసే స్త్రీలను పిలిపించండి, మీ కుమార్తెలకు రోదనం నేర్పండి అని సాక్షాత్తూ దేవుడే అంటాడు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలూ విలాపాలే. 88వ కీర్తన చివరి మాట చీకటి. తర్వాత ఓదార్పు వాక్యం ఒక్కటీ లేదు, అక్కడితో ఆగిపోతుంది. చావు తర్వాత ఆ కుటుంబాన్ని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో ఆ కీర్తన చదవగా నేనింతవరకు వినలేదు.

చావు ఇంట్లో కట్టడి పెట్టడానికి సంఘాలకు వేరే కారణం కూడా ఉంది, అది న్యాయమైనదే. మన వైపు చావంటే కల్లు, మందు, దినాలకు యాటలు, వాటికోసం చేసే అప్పు. కూలీనాలీ చేసుకునే కుటుంబం మనిషి పోయిన బాధ కంటే దినాల ఖర్చుకే ఎక్కువ వణికేది. ఒక ప్రార్థన, నాలుగు పాటలు, ఒక గుంతతో పని ముగించడం పేదవాడికి పెద్ద ఊరట. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 19వ శతాబ్దం చివర్లోనే అడుగుపెట్టింది, వరంగల్ క్యాథలిక్ పీఠం 1952లో ఏర్పడింది. ఇన్నేళ్లలో ఇలాంటి ఊరట ఎన్నో గడపలు చూసి ఉంటాయి.

ఇప్పుడు ఆదరణ కూడిక ఎలా జరుగుతోందో చూడండి. నిలువెత్తు ఫ్లెక్సీ, సౌండ్ బాక్సులు, వచ్చినవాళ్లందరికీ చికెన్ బిర్యానీ, దుబాయ్‌లో ఉన్న కొడుకు కోసం యూట్యూబ్ లైవ్. వద్దనుకున్న ఖర్చు వెనక దారిన వచ్చేసింది. ఏడుపును మాత్రం గుమ్మం దగ్గరే ఆపేశాం.

పెద్దనాన్న కూడికలో ఆయన గురించి ముగ్గురు మాట్లాడారు. మంచి విశ్వాసి, కానుకల్లో నమ్మకస్తుడు, ఎవరినీ నొప్పించలేదు. ఈ మూడు మాటలు ఏ ఫ్లెక్సీ కింద నిలబడి చెప్పినా సరిపోతాయి. మిరప బస్తాల దగ్గర కావలి పడుకున్న మనిషి, ధర రాక అన్నం ముట్టని మనిషి, బిడ్డ పెళ్లికి అప్పు చేసిన మనిషి పెద్దమ్మ శోకంలో తప్ప ఎక్కడా కనిపించలేదు. ఆయన బతుకును ఆయన పేరు మీద చెప్పిన ఒకే ఒక్క సాక్ష్యం అది. దాన్ని సగంలో ఆపేశాం. బతుకుకు అర్థం ఏమిటని పుల్పిట్ మీద నుంచి గంటసేపు ప్రసంగిస్తాం గానీ, ఆ అర్థం సద్ది మూటలోనూ తీరని అప్పులోనూ ఉందని ఒక ఆడమనిషి రాగం తీసి చెబుతుంటే మనకు ఇబ్బందిగా ఉంటుంది.

శోకాలు పెట్టడం పాత ఆచారం, క్రైస్తవులకు తగదు అనేవాళ్లు ఒకసారి డోర్నకల్ వెళ్లి రావాలి. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య అక్కడ కట్టించిన కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి గుర్తొస్తుంది. రాతికీ సున్నానికీ ఈ నేల పోకడ తగినప్పుడు ఏడుపుకు ఎందుకు తగదు?

నిజానికి తగిన చోటు ఒకటి ఉంది. పోయినవాళ్లను తలచుకునే నవంబరు 2న క్యాథలిక్కులు, ఈస్టర్ తెల్లవారుజామున మిగతా సంఘాలవాళ్లు సమాధుల తోటకు పోతారు. సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడ మైకు ఉన్నా కాస్త దూరంగా ఉంటుంది. ఆడవాళ్లు సమాధుల మీద వాలి ఏడుస్తారు, ఎవరూ వారించరు. యోహాను సువార్త ప్రకారం లేచిన యేసును మొదట చూసింది కూడా అలా సమాధి బయట ఏడుస్తూ నిలబడ్డ మగ్దలేనే మరియే. “అమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు?” అని ఆమెను దూతలూ అడిగారు, యేసూ అడిగాడు. అడిగి, ఆమె చెప్పింది విన్నారు.

ఈ ఈస్టర్‌కు నేనూ ఆ ఊరు వెళ్లాను. ఇంకా చీకటిగానే ఉంది. సమాధికి సిమెంటు వేయించలేదు, మట్టి దిబ్బ మీద కర్ర సిలువ. పెద్దమ్మ గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తికి చేయి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి ఆయనతో మాట్లాడుతోంది. “కాయ అమ్మిన. ఈసారి కూడా ధర రాలే. సేటుకు సగం కట్టిన...” సంఘపెద్ద రెండు సమాధుల అవతల తన తల్లి దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.