థర్మాకోల్ అగ్నిపర్వతం కంటే బుట్టెడు చింతకాయలు నయం

ఈ మధ్య ఏ స్కూల్ బ్రోచర్ తీసినా హ్యాండ్స్ ఆన్ లెర్నింగ్, థీమ్ బేస్డ్ కరిక్యులమ్ అని పెద్ద పెద్ద అక్షరాలు, ఫీజు కాగితంలో దానికో లైను కూడా, యాక్టివిటీ ఫీజు అట. తీరా జరిగేది ఏంటంటే రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్, రేపు థీమ్ డే, పిల్లలు మోడల్ తేవాలి అని. ఇంక స్టేషనరీ షాపు ముందు మనలాంటి వాళ్ళ క్యూ. నాన్న థర్మాకోల్ కోస్తాడు, అమ్మ రంగులేస్తుంది, పిల్లాడు సోఫాలో నిద్రపోతాడు. పొద్దున ఆ అగ్నిపర్వతం పక్కన వాణ్ణి నిలబెట్టి ఫోటో తీసి స్కూల్ పేజీలో పెడతారు. లావా అంటే ఏంట్రా అని అడగండి, ఎర్ర పెయింట్ అంటాడు. నేర్చుకున్నది ఎవరయ్యా అంటే వాళ్ళ నాన్న, అది కూడా ఫెవికాల్ థర్మాకోల్‌కి ఎంతసేపటికి అంటుకుంటుందో మాత్రమే.

మా చెల్లెలు హిందూపురం వైపు ఓ చిన్న ఊళ్ళో గవర్నమెంటు టీచర్. ఒకే గది, ఒక వరండా, అన్ని తరగతులూ కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది పిల్లలు. మొన్న ఎండాకాలం ముందు వెళ్ళినప్పుడు ఆ వరండా నిండా చింతకాయలే. ఆ సీజన్‌లో ఆ ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా అదే పని కదా, కాయ కొట్టడం, గింజ తీయడం, నార లాగడం, దాన్నే థీమ్ చేసేసింది ఈవిడ. పిల్లలే ఇళ్ళ నుంచి తెచ్చారు, ఖర్చు సున్నా.

కిలో కాయలు తూకమేసి కొట్టారు. పెంకు ఒక కుప్ప, నార ఒక కుప్ప, గింజలు ఒక కుప్ప, పండు ఒక కుప్ప. ఒక్కోటి మళ్ళీ తూకం. పండు అర కిలో కూడా తేలలేదు, పిల్లల మొహాలు చూడాలి అప్పుడు, ఎందుకంటే ఇంట్లో కాయల రేటుకీ పండు రేటుకీ అంత తేడా ఎందుకో వాళ్ళకి అప్పుడే తట్టింది. నాలుగు కుప్పలూ కూడితే కిలో రావట్లేదు, మిగతా గ్రాములు ఎటు పోయాయి అని టీచరమ్మ అడిగితే అందరూ మూతులు తుడుచుకున్నారు. తీసివేతల లెక్క అంటే అదీ. రెండో తరగతి పిల్లలు గింజల్ని పది పది కుప్పలు పెడుతుంటే అయిదో తరగతి వాళ్ళు కూలి లెక్కలు వేస్తున్నారు, ఒకడైతే వాళ్ళ అవ్వకి వారానికి రావాల్సిన కూలి లెక్క కట్టి వచ్చింది తక్కువే అని తేల్చేశాడు, దాని మీద ఊళ్ళో చిన్న పంచాయితీ కూడా నడిచిందట (ఇలాంటి ప్రాజెక్టుకి ఏ స్కూల్ అయినా ప్రైజ్ ఇస్తుందా చెప్పండి). ఆ తర్వాత నల్లబడ్డ ఇత్తడి చెంబుని చింతపండుతో తోమి పులుపు ఏం చేస్తుందో చూశారు, చింత చచ్చినా పులుపు చావదు అని ఏ మనిషిని అంటారో దాని మీద ఓ గంట వాదన, ఇంతలో బెల్లు.

ఇదేదో కొత్తగా కనిపెట్టారని కాదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీ చెప్పిన నయీ తాలీమ్ ఇదే, చేతిపని చుట్టూ చదువు. మన మదనపల్లె పక్కన రిషి వ్యాలీ స్కూల్ వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న బడులు పెట్టి, వేరే వేరే తరగతుల పిల్లలు ఒకే గదిలో ఎవరి స్పీడులో వాళ్ళు కార్డులతో నేర్చుకునే పద్ధతి తయారుచేశారు. దాన్ని చూసి తమిళనాడు వాళ్ళు ముందు చెన్నై కార్పొరేషన్ బడుల్లో పెట్టి తర్వాత రాష్ట్రమంతా తీసుకెళ్ళారు. ఆ కార్డుల్లో నాకు నచ్చింది ఏంటంటే ఆట ఒక్కటే ఉండదు, పరిచయం చేసే కార్డు, ప్రాక్టీస్ కార్డు, వచ్చిందో లేదో చూసుకునే కార్డు, రాకపోతే మళ్ళీ చేయించే కార్డు, అన్నీ ఉంటాయి. ఎందుకు చెప్తున్నానంటే థీమ్ పేరుతో రోజంతా రంగులు పూయించి ఇంటికి పంపేవాళ్ళూ ఉన్నారు, ఎక్కాలు రావు, పేరా చదవలేరు, అడిగితే జాయ్‌ఫుల్ లెర్నింగ్ అండీ అంటారు. చింతపండు వారం అయ్యాక మా చెల్లెలు కూడా కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంది, అందులో మొహమాటం ఏమీ లేదు.

అసలు ఇది నడవాలంటే కావాల్సింది ల్యాబులూ కిట్లూ కాదండీ, పిల్లలు తక్కువ ఉండాలి, పెద్దా చిన్నా కలిసి ఉండాలి, టీచర్‌కి ఊరు తెలిసి ఉండాలి, ఈ వారం ఏం చేయాలో ఆవిడే డిసైడ్ చేసుకోగలగాలి. ఇవన్నీ ఉన్నది చిన్న బడిలోనే. మనం ఏం చేశాం? 2022లో ఆంధ్రాలో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని ప్రైమరీ నుంచి లేపి హైస్కూళ్ళలో కలిపారు. సబ్జెక్ట్ టీచర్లు దొరుకుతారని లెక్క, ఒప్పుకుంటా, ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ చిన్నవాడికి తూకం చూడ్డం నేర్పే పెద్దపిల్లలు వెళ్ళిపోయారు, అప్పట్లో అక్కడ ఒకటీ రెండూ తరగతులతో బోసిపోయిన గది మిగిలింది. ఉన్న టీచర్ టైం ఏమో యాప్‌లో ఫోటోలు అప్‌లోడ్ చేయడానికే సరిపోతుంది. జాతీయ విద్యా విధానం 2020 ఏమో 6 నుంచి 8 తరగతుల వాళ్ళకి 10 రోజులు బ్యాగ్ లేకుండా వడ్రంగం, తోటపని, కుండలు లాంటివి నేర్పమంది. సంతోషం. మిగతా రోజుల సంగతి ఏంటి మరి?

ఇక్కడ ఎవరో ఒకరు కచ్చితంగా వస్తారు, చింతకాయలు కొడితే ఐఐటీ వస్తుందా అని. రాదు బాబాయ్. మూడో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్‌లో వేసినా అందరికీ రావట్లేదు కదా. కాకపోతే వీళ్ళకి గ్రాము అంటే చేతికి తెలుసు, వాళ్ళకి అది పుస్తకంలో యూనిట్.

ఈ అడ్మిషన్ల సీజన్‌లో స్కూళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఒక పని చేయండి. ఏసీ రూమ్‌లో కూర్చోబెట్టి వీడియో చూపించే వాళ్ళని పక్కన పెట్టి నేరుగా క్లాస్ టీచర్‌ని కలవాలి అనండి. పోయిన నెల థీమ్ ఏంటి, దాన్ని ఎవరు ఎంచుకున్నారు, అర్థం కాని పిల్లాడికి మళ్ళీ ఏం చేశారు అని ఆవిడనే అడగండి. పక్కనున్న మేనేజర్ అందుకుని జవాబు చెప్తుంటే ఇంక ఆ కాఫీ తాగేసి వచ్చేయడమే.